మీటరు మీద సున్నా

జ్యూక్‌బాక్స్ వెనక తలుపు తీస్తే
ఒక్కో పాటకీ ఒక చిన్న అంకె ఉంటుంది,
ఎన్నిసార్లు మోగిందో.
ఎదురుగా బీరు తాగేవాళ్ళకి అది కనపడదు.
నాకు కనపడేది. అదే నా ఉద్యోగం.

డులూత్ నుంచి ఈలీ దాకా నలభై ఒక్క పెట్టెలు,
రెండు వారాలకోసారి, గురువారం.
వ్యానులో కొత్త రికార్డులు, స్క్రూడ్రైవరు, నాణేల సంచి.
పది దాటని పాటని పీకెయ్యాలి.
"జాలి పడకు కంగాస్, పాటలు అక్కడ అద్దెకుంటున్నాయి" అనేవాడు
మా యజమాని హాల్వర్.

అరవై ఆరు, ఆకులు రాలే రోజుల్లో వచ్చిందా పాట.
"మంగళవారం గొడుగు."
పాడింది వెర్లీన్ టిబ్స్. గేరీలో ఏదో కంపెనీ,
పసుపు చీటీ మీద దాని పేరు కూడా వంకరగా అచ్చయింది.
రెండు నిమిషాల పదకొండు సెకన్లు.
మొదట టాంబురిన్,
ఎవరో చీకట్లో తాళాలగుత్తి వెతుక్కుంటున్నట్టు.
తర్వాత ఆ గొంతు.
ఎలా చెప్పను,
చలికి బిగుసుకున్న తలుపుని భుజంతో ఒక్క తోపు తోసి వచ్చి
"ఏం, ఈ వెలుతురులో నాకు వాటా లేదా?" అన్న గొంతు.

అదే వారం పెద్ద కంపెనీ పాటొకటి వచ్చింది.
రేడియోవాడు గంటకోసారి వేశాడు.
దాని పేరిప్పుడు నాకు గుర్తులేదు.
వెర్లీన్‌కి సున్నా, సున్నా, రెండు
(ఆ రెండూ నేనే వేసుకున్నవి),
సున్నా.

టూ హార్బర్స్‌లో, ఇనుపరాయి ఓడలు ఆగే రేవు పక్క,
సిగ్నే కాఫీ హోటల్లో మాత్రం
ముప్పై ఏడు!
మీటరు పాడైందనుకుని ఊది, నూనె చుక్క వేసి, మళ్ళీ చూశాను.
"ఓడ వంటవాడు" అంది సిగ్నే, బల్ల తుడుస్తూ.
"ఓడ ఆగిన రాత్రి వస్తాడు. బ్లూబెర్రీ కేకు. అదే పాట.
నా చెవులు చిల్లులు పడ్డాయి గానీ
అతని నోట్లోంచి మాట ఊడిపడదు."

జనవరిలో సరస్సు గడ్డకట్టింది. ఓడలు నిద్రపోయాయి.
సిగ్నే దగ్గర కూడా సున్నా.
"పీకెయ్" అన్నాడు హాల్వర్, లెక్కల పుస్తకం మీద వేలు పెట్టి.
అప్పుడే ఆ దొంగపని చేశాను.
పెద్ద కంపెనీ పాట చీటీ కింద, బి-7లో,
వెర్లీన్‌ని పెట్టాను. పదకొండు ఊళ్ళలో.

మోసమే. ఒకటి కోరినవాడికి ఇంకొకటి.
క్లొకేలో కాగితం మిల్లువాడు పెట్టెని తన్నాడు.
ఇంకో ఊళ్ళో బారు యజమానురాలు తిట్టిన తిట్లు
రాయడానికి కాగితం సిగ్గుపడుతుంది.
ఎవెలెత్ బౌలింగ్ హాల్లో
బూట్లు అద్దెకిచ్చే పిల్ల ఒక్కతే
"ఈ తప్పు పాట పేరేంటి?" అని అడిగింది.
సిగరెట్ పెట్టె మీద రాసిచ్చాను.
ఏ కొట్లోనూ దొరకదని చెప్పలేదు.

మార్చిలో హాల్వర్ పట్టుకున్నాడు. అన్నీ తీయించాడు.
ఏప్రిల్‌లో వంటవాడు వచ్చి, చీటీలన్నీ వేలితో వెతికి,
కేకు సగం వదిలేసి వెళ్ళాడట.
సిగ్నే ఆ మాట చెప్తున్నప్పుడు
రికార్డు బయట నా వ్యానులోనే ఉంది,
సీటు కింద, దుప్పట్లో.

ఇరవై రెండేళ్ళ తర్వాత
గేరీ టెలిఫోన్ పుస్తకం తెప్పించుకున్నాను.
టిబ్స్‌లు పద్నాలుగు మంది. తొమ్మిదో నంబరు.
"వెర్లీన్‌నే. స్కూలు బస్సు గురించా?"
పాట పేరు చెప్పాను.
అటుపక్క టీవీలో ఎవరో నవ్వుతున్నారు చాలాసేపు.
"ఎవరు మీరు? బాకీ వసూలా?"
కాదనడానికి ఋజువుగా, నా రేకు గొంతుతో పాడాను:
వంతెన దగ్గర నాకోసం ఎదురుచూడు...
"చూడకు" అంది.
"ఎదురుచూడకు. ఆ మాట పోతే పాటలో ఇంకేముంది?"

నా రికార్డు మీద సరిగ్గా అక్కడొక గీత.
సూది రోజూ ఆ మాట మీంచి దూకేది.
ఇన్నేళ్ళూ నేను ప్రేమించింది వేరే పాటని.
ఒక్కసారి మొత్తం పాడమని అడగాల్సింది.
తెల్లారి ఐదింటికి బస్సు తియ్యాలంది. పెట్టేశాను.

అడవి గాచిన వెన్నెల అంటారు.
ఏమో.
ఒక రాత్రి ఈలీ దారిలో, పైన్ చెట్ల మధ్య,
వ్యాను దీపాలు రెండూ ఆరిపోయాయి.
ఇరవై మైళ్ళు ఆ వెన్నెల్లోనే నడిపాను,
పక్క సీట్లో నాణేల సంచి
గలగలమంటూ.