పారిపోని పిల్ల

నెలకోసారి, మొదటి గురువారం,
గ్వెంబె లోయలో మోటార్‌సైకిల్ దిగి
మొపానె చెట్టు కింద బల్ల వేసుకుంటాను.
రిజిస్టరు, మాత్రల డబ్బాలు,
సెకన్ల ముల్లున్న గడియారం.
తల లోపలికి చూసే మిషన్లు లుసాకాలో ఉన్నాయి.
నా దగ్గరున్నది ఒక్క ప్రశ్న:
మీరేం చూశారు?

ముతింత కొడుకుని తెచ్చింది. చూల్వె, పదకొండేళ్ళు.
ఎడమ మోచేతి మీద చర్మం
ఆరిపోయిన మీగడలా ముడతలు పడి ఉంది.
పొయ్యిలో పడ్డాడట.
నురగ తగిలితే తమకీ అంటుకుంటుందని
లాగినవాళ్ళు లేరట.

"ఏం చూశావమ్మా?"
"పడ్డాడు."
"పడకముందు?"
"పడ్డాడు సార్."
మేనమామ చూసింది తలుపు సందులోంచి.
బడిపంతులు హామోంగా చీటీ పంపాడు,
వాడు కూర్చున్న బల్ల కడగడానికి
మందేదైనా ఇప్పించమని.

అప్పుడు తల్లి చిటెంగె చాటునుంచి
ఏడేళ్ళది ఒకతి బయటికొచ్చింది.
"నేను చూశాను. నేను పారిపోలేదు."

దుమ్ములో నిలబడి అన్నని ఆడి చూపించింది.
ముందు ఎడమ బొటనవేలు,
గింజలేరే పెట్ట మెడలా టకటకా.
తరవాత మణికట్టు. మోచెయ్యి.
నోటి ఎడమ మూల, ఎవరో దారం కట్టి గుంజినట్టు.
"ఇక్కడిదాకా నా పేరు పిలుస్తూనే ఉంటాడు సార్.
మెడ తిరిగాక ఇక పిలవడు."
"ఎంతసేపు?"
"పంపు కింద రెండు బకెట్లు నిండేంత.
లేచాక ఆ చెయ్యి పొద్దుగూకేదాకా చచ్చుగా ఉంటుంది."

పంతొమ్మిదేళ్ళ ఉద్యోగంలో
నాకింత శుభ్రంగా ఎవరూ చెప్పలేదు.
రాసుకున్నాను: నిప్పు కుడి మెదడులో,
ఒక మూల రాజుకుని ఇల్లంతా పాకుతోంది.
పందులున్నాయా అని అడిగాను. ఉన్నాయి.
లుసాకా చీటీ కూడా రాశాను.

"మరి నువ్వేం చేస్తావు?"
"మామ నోట్లో చెంచా పెడితే పన్ను విరిగింది.
నేనేం పెట్టను. పొయ్యి దగ్గర్నుంచి లాగి
వాణ్ణి పక్కకి..."

ఆగింది.
చెయ్యి గాల్లోనే ఉంది. రెప్పలు సన్నగా కొట్టుకున్నాయి.
నేను ముల్లు చూశాను. పదకొండు సెకన్లు.

"...తిప్పి పడుకోబెడతాను," అంది,
మధ్యలో ఏమీ జరగనట్టు.

రిజిస్టరు చివరి కాగితం చింపి
పీలిక చేసి ఆ పెదాల ముందు పట్టుకున్నాను.
"ఊదు. ఆగకుండా ఊదు."
కాగితం ఎగిరింది, ఎగిరింది.
రెండో నిమిషం దాటకముందే
నిలువునా వేలాడింది.
దాని వెనక కళ్ళు తెరిచే ఉన్నాయి, మనిషి లేదు.

"అది పరధ్యానం సార్," అంది తల్లి.
"న్షిమా మాడబెడుతుంది. అందుకు..."
ఆమె కూడా ఆగింది. అది జబ్బు కాదు.

మాత్రల అట్ట అందుకుని
"చెరి సగం ఇస్తాను," అంది.
వద్దన్నాను.
వాడి మంటని ఆర్పే మాత్రే
దీని దీపాన్ని ఇంకా ఎక్కువసార్లు ఆర్పుతుంది.
రెండు కవర్లు చేశాను.
వాడి కవరు మీద నిప్పు, దీని మీద మూసిన రెప్ప గీశాను.
పెద్దమనిషి కాకముందే దీని మందు మార్చాలి,
ఆ సంగతి రిజిస్టరులో ఎర్ర సిరాతో రాశాను.
రోజూ వెయ్యాలి. బాగున్నా వెయ్యాలి.
బాగున్నప్పుడే ముఖ్యంగా.

"అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే
క్లినిక్‌కి పరుగెత్తాలి."
"మాకు గడియారం లేదు."

సరే పదండని పంపు దగ్గరికి వెళ్ళాం.
లుయాండో పిడి మీద ఒళ్ళంతా వేసి కొడుతోంది,
నేను ముల్లు చూస్తున్నాను.
మొదటి బకెట్టుకి నిమిషం మీద పది సెకన్లు.
రెండోది సగం నిండాక పిడి గాల్లో నిలిచిపోయింది.
ధార సన్నబడి, చుక్కలై, ఆగింది.
అన్న వచ్చి చెల్లి వెనక నిలబడ్డాడు,
పడితే పట్టుకోవడానికి.
మళ్ళీ నీళ్ళొచ్చాయి.

ఆ తొమ్మిది సెకన్లు లెక్కలో కలపాలో
తీసెయ్యాలో తెలియక
గడియారం జేబులో పెట్టుకున్నాను.
"నాలుగు బకెట్లు," అన్నాను వాడితో.
"లెక్క నువ్వు కూడా నేర్చుకో."