పాల్పడ్డాడు

రాత్రి తొమ్మిదిన్నర. కడప ఎడిషన్ డెస్కు.
ఎర్రగుంట్ల నుంచి మస్తాన్‌వలి పంపిన వార్త
ఆరు లైన్లు, ఒక ఫొటో.
ఫొటో ముందే తీసేశాను.

నాలుగో లైనులో ఉంది ఆ మాట.
పాల్పడ్డాడు.
దొంగతనానికి పాల్పడతారు, దోపిడీకి పాల్పడతారు.
పదమూడేళ్ళు నేనూ రాశాను,
చెయ్యి దానంతటదే రాసేది
సంతకం మాదిరి.

నిరుడు ఎండాకాలం నాగసుబ్బమ్మ వచ్చింది ఆఫీసుకి.
నాపరాళ్ళ పాలిష్ దుమ్ము
ఇంకా కుచ్చిళ్ళలోనే ఉంది.
మడతల్లో చినిగిన పేపరు బల్ల మీద పరిచి
వేలు పెట్టి చూపించింది.
"మా తమ్ముడు ఏం నేరం చేసినాడని సార్
పాల్పడినాడని రాసినారు?
అప్పుల బాధ అని ఒక్క ముక్కలో తేల్చినారే,
ఎన్ని నెలలు నిద్ర లేదో మీకెవురు చెప్పినారు?
వాడు కండక్టరు గొంతు తీస్తే
ప్రొద్దుటూరు బస్సు బస్సంతా నగుతాండె.
అది రాయల్యా."

జవాబు లేదు. మంచినీళ్ళిచ్చాను.
సగం తాగి, మిగతా సగం
గుమ్మం దగ్గరి కుండీలో పోసి పోయింది.

ఈ రాత్రి ఆ మాట కొట్టేశాను.
'చనిపోయాడు' అని పెట్టాను.
'పిరికితనం' కొట్టేశాను. ఎలా అన్నదీ కొట్టేశాను.
కారణం దగ్గర కర్సరు మినుకుతోంది.
నాకు తెలీదు, మస్తాన్‌కీ తెలీదు,
తెలీదనే వదిలేశాను.
చీమల్లా ఉన్న హెల్ప్‌లైన్ అంకెల్ని
కళ్ళజోడు లేకున్నా కనబడేట్టు పెంచాను.
ఆరు లైన్లు మూడయ్యాయి.
టెండరు ప్రకటనకి చోటు దొరికిందని
శేషఫణి సంబరపడ్డాడు.

మార్పులు చెబుదామని మస్తాన్‌కి ఫోను చేశాను.
"మీ ఇష్టం సార్" అన్నాడు.
కామా తీసేసినా పోట్లాడేవాడు
మీ ఇష్టం అన్నాడు.
ఈ నెల్లో ఇట్లాంటిది వాడికిది మూడోది,
మూడు గడపల ముందూ నిలబడింది వాడే.

ఇన్ని మాటలు దిద్దినవాణ్ణి
ఒక్క మాట నోట్లో తిప్పుకుంటూ కూర్చున్నా.
డొంకతిరుగుడుతో పని కాదు.
"మస్తానూ, నీకు చచ్చిపోవాలని అనిపిస్తాందా?"

అవతల సిమెంటు ఫ్యాక్టరీ షిఫ్టు సైరను
మోగి, తగ్గి, ఆగిపోయింది.
"సార్," అన్నాడు శానాసేపటికి,
"ఈ మాట ఎవురూ అడగల్యా."

పేజీ పోవాల్సిన టైము దాటింది.
శేషఫణి గాజు తలుపు కొడుతున్నాడు.
ఆగమని చెయ్యి చూపించి
కుర్చీ గోడవైపు తిప్పుకున్నా.
"చెప్పప్పా. వింటాండా."