విరిగినవి

విరిగిన అప్పడం అమ్ముడుపోదు.
బరంపురం బజార్లో గుండ్రానికే ధర.
ముప్పై ఏళ్ళు విరిగినవే మా ఇంట్లో కూర,
పొద్దున కాగిన నూనెలోనే
రాత్రి మళ్ళీ వేసి.

కిందటి మాఘంలో విశాఖపట్నంలో
పెద్దపేగు జానెడు కోసి తీశారు.
జానెడే కదా అన్నాను.
డాక్టరమ్మ నవ్వలేదు.
"గడ్డ పోయింది బృందమ్మగారూ, మంట పోలేదు.
మీరు తినేదే దాన్ని ఎగదోస్తోంది."

ఎగదోయడం నాకు కొత్తా?
ఊక పొయ్యి, కర్ర పొయ్యి
రెండూ ఈ చేత్తో ఎగదోసినవే.
లోపల ఇంకోటి ఉందని మాత్రం
ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు చోడంబలి. పొట్టు పెసలు.
"శాగో, శాగో" అని వీధిలో అరిచే
ఒడియా ముసలమ్మ దగ్గర రోజుకో కట్ట ఆకుకూర.
మా ఆయన ఊరగాయ జాడీ అటకెక్కించి
నిచ్చెన పక్కింట్లో దాచాడు.

ఇవన్నీ తింటే ఎన్నేళ్ళు, అని అడిగాను.
"ఏళ్ళు నేనివ్వలేను.
మంట తగ్గించుకున్నవాళ్ళలో
ఎక్కువమంది నిలిచారు, అంతే."
తక్కెడ పట్టినదాన్ని.
ఆ 'అంతే' ఎంత తూగుతుందో
ఇంటికొచ్చే రైలంతా చూస్తూనే ఉన్నాను.

ఇవాళ మధ్యాహ్నం
పిండి వత్తే పిల్ల ఝునూ
విరిగిన ముక్కలు నాలుగు వేయించుకుంది.
కరకర.
ఎంత బాగుంటుంది ఆ చప్పుడు!
పదిహేడేళ్ళ పేగు దానిది,
ఏమని చెప్పను?
నా అంబలి గిన్నె దానివైపు జరిపాను.
తొంగిచూసి, మొహం చిట్లించి
ఇంకో ముక్క తీసుకుంది.