ఆరున్నొక్కటి

ఎనుమాముల యార్డుల దడ్వాయిని నేను.
మిర్చి బస్తా కాంటా మీదికెక్కితే
ఎర్ర అంకె ఆగేదాక ఊపిరి పట్టుకుంట.
ఇరవై ఏండ్లల్ల
ఒక్క రైతు సుత నా చిట్టీ మీద కొట్లాడలే.

అసొంటోన్ని
బిడ్డ బరువు కాడ మోసపోయిన.

సారిక, మూడో తరగతి.
వానకాలం పిక్కల మీద గజ్జి పుండ్లు లేసినయ్.
బడిల సగం మందికి ఉన్నయే గదా.
వేపాకు నూరి పూసింది కోమల.
మానినయ్. మర్చిపోయినం.

మూడు వారాలకు ఒకనాడు పొద్దుగాల
పిల్ల కండ్లు తెరుస్తలేదు, రెప్పలు అంత బరువు.
"బుగ్గలచ్చినయే పొల్లకు, ఏం పెడుతున్నవే"
అని మెటికలు విరిచింది ఐలవ్వ.
యార్డుకు తోలుకపోయి కాంటా మీద నిలబెట్టిన.
పందొమ్మిది కిలోల పిల్ల ఇరవై మూడు.
సంబురపడ్డ.
తేమ చూడకుండ తూకం రాసిన,
నీళ్లను కండ అనుకోని.

రెండ్రోజులకు దొడ్లెకెల్లి అచ్చి చెప్పింది
"బాపూ, చాయ్ డికాషన్ లెక్క అచ్చింది."

పెద్దాసుపత్రి, పిల్లల వార్డు,
మంచానికి ఇద్దరు.
డాక్టరమ్మ చిన్నది, నిద్రలేని కండ్లు.
కాయితం మీద రెండు చిక్కుడు గింజలు గీసింది.
"ఇవి జల్లెడలు. వాచినయి" అన్నది.
"పుండ్లకెల్లి?" అన్న.
"పుండ్లకెల్లే."
వేపాకు నూరిన చేతులు
కొంగుల దాసుకున్నది కోమల.

రిపోర్టుల అంకె చదివింది డాక్టరమ్మ: ఏడు.

మా అమ్మ వడ్లు కొలిచేటప్పుడు
ఏడు అనకపోయేది.
ఆరున్నొక్కటి అనేది,
రాశి కాడ ఏడుపు మాట రావొద్దని.
"ఆరున్నొక్కటా అమ్మా?" అన్న నేను.
ఆమె అర్థంగాక నా మొకం చూసింది.

ఉప్పు బందు. నీళ్లకు లెక్క.
తాగింది ఒక దిక్కు, పోసింది ఒక దిక్కు
రాయమని కాయితం ఇచ్చిన్రు.
నాకొచ్చిన పని గదొక్కటే.
మంచం కింద గీతల సీసా.
క్వింటాళ్లు రాసిన చెయ్యి
ఎమ్మెల్లు రాస్తున్నది.
మంగళవారం ముప్పై.
బుధవారం పన్నెండు.
బేస్తవారం సున్న.
శుక్రవారం
ఇంకో సున్న పెట్ట చెయ్యి రాక
గడి ఇడిచిపెట్టిన.

రాత్రి పిల్ల నా అంగి గుంజుకోని వాసన చూస్తది.
మిర్చి ఘాటుకు తుమ్ముతది, నవ్వుతది.
"సప్పిడన్నంల గీ అంగి నంజుకుంట బాపూ."

కోమల మొక్కింది
మేడారం తల్లులకు నిలువెత్తు బంగారం,
పిల్ల బరువు బెల్లం.
ఏ బరువుకు మొక్కినవే అని అడుగుదామనుకున్న,
ఇరవై మూడుకా, పందొమ్మిదికా?
అడగలే.
తల్లులకు తేమ తీసి తూచుడు ఎరుకేనో కాదో.

పిల్లల సైజు పైపు లేదన్నరు,
పట్నంకెల్లి రాత్రి బస్సుల అచ్చింది.
మెడల పెట్టి మిషన్ ఎక్కించిన్రు, రెండు సార్లు.
బిడ్డ నెత్తురు బయటికి పోయి మర్రి వస్తుంటే
కండ్లు మూసుకోలే.
తూకం కాడ కండ్లు మూయొద్దు.

ఆదివారం పక్క మంచం తండా పిలగాడు లేడు.
దుప్పటి మడతవెట్టి ఉన్నది.
వాని కాయితం ఇంకా క్లిప్పుకే,
నిండని గళ్లతోటి.
వాళ్ల నాయిన సీసా మాకిచ్చి పోయిండు,
పనికొస్తదని.

సోమవారం ఇంకా తెల్లారలే.
సీసా అడుగున
సన్నటి చప్పుడు.
కోమల సెల్లు లైటు పట్టింది.
నేల మీద కూసోని, సీసాను కండ్లకు సమంగ లేపి చూసిన.
చాయ్ రంగే.
పద్దెనిమిది.
గడిల అదే రాసిన.
నోటికి మాత్రం మా అమ్మ మాట అచ్చింది,
మొదటి మానికకు ఒకటి అనకుండ
ఆమె అనే మాట:

లాభం.

డాక్టరమ్మ ఇంకా రాలే, ఏం చెప్తదో.
పిల్ల గోడ దిక్కు తిరిగి పండుకున్నది.
రెండో కొలతకు
సీసా కడిగి పెట్టిన.