టికెట్టు కింద చిన్నక్షరాలు

ఆరూ పదికి బెజవాడలో కదిలిన గుంటూరు పాసింజరు
నది దాటగానే కృష్ణా కెనాల్లో ఆగిపోయింది.
వెనక అద్దాల రైలు వస్తోందట, దారివ్వాలి.
మాకిది అలవాటే.
పల్లీల దావీదు బుట్ట దించి కూర్చున్నాడు.

మిర్చి యార్డులో తొడిమలు తీసే మస్తాన్‌బీ
ఇక్కడే ఎక్కి, పది రూపాయల టికెట్టు నా ముందు చాపింది.
"గుమాస్తా గారూ, కింద చీమల్లాగా ఏందో రాశారు, చదవండి."

ఇరవై రెండేళ్లు కమిషన్ కొట్లో పద్దులు రాసినవాణ్ణి,
లెక్క కనిపిస్తే నోరు ఊరుకోదు.
చదివాను:
నీ ప్రయాణానికయ్యే ఖర్చులో
సగానికి కాస్త పైనే నీ దగ్గర తీసుకుంటున్నారట,
మిగతాది వాళ్లే భరిస్తున్నారట.

నిన్నటి కారం ఇంకా మండుతున్న వేళ్లు
కొంగులోకి ముడుచుకున్నాయి.
"అంటే అప్పా?
నేనెవర్నీ అడగలేదే."

ఏం చెప్పను?
అవతల హైవే మీద
ఒక్కో కారులో ఒక్కో మనిషి.
ఆ సిమెంటు ఎవరి డబ్బో చెప్పే చీమలు
ఏ స్తంభం మీదా పాకలేదు.
టోలు చీటీలో రుసుముంటుంది, మందలింపుండదు.
గన్నవరం వైపు దిగుతోందొక విమానం.
రన్‌వే కిందికి పోయిన పొలాల లెక్క
దాని టికెట్టు మీద ఉంటుందా?
నేనెప్పుడూ ఎక్కలేదు, ఒట్టేసి చెప్పలేను.
కిటికీ పక్కనాయన సిగ్గుపడుతున్నాడేమో
ఇంత దూరానికి కనపడదు.

రైలుకి నష్టం నిజమే. కాదనను.
కానీ అందరికీ వడ్డించి
ఒక్క విస్తరి పక్కనే ఖర్చు రాస్తే
దాన్ని పద్దనరు,
దెప్పడం అంటారు.

అద్దాల రైలు దూసుకుపోయింది.
మా పెట్టె ఊగి, ఎవరి గోతాంలోంచో ఘాటు లేచి
నలుగురం తుమ్మాం.
మస్తాన్‌బీ టికెట్టు తిప్పి చూసింది.
వెనక తెల్లగా ఉంది.

"రాయండి.
నిన్న గంటన్నర ఆలస్యం, యార్డులో అరకూలి కోశారు.
మొన్నా అంతే.
శివరాత్రి ముందు వారం మూడు రోజులు.
ఇది నేను రైలుకిచ్చింది."

మంగళగిరి దాకా చెబుతూనే ఉంది.
నంబూరు రాకముందే చోటు అయిపోయింది.
దావీదు ఒక పొట్లం విప్పి
పల్లీలు నోట్లో పోసుకుని
కాగితం నా చేతికిచ్చాడు.