బలానికి మూడు

గాలి సెకనుకి ఇరవై మీటర్లు దాటితే
క్లైపెడా రేవులో క్రేన్లన్నీ
కాళ్ళు కట్టేసుకుని నిలబడిపోతాయి.
నలభై మీటర్ల నిచ్చెన దిగి ఇంటికొస్తాను.
తడిసిన చేతితొడుగులు రేడియేటర్ మీద ఆరేసి,
బీట్‌రూట్ సూప్ గిన్నె ఒళ్ళో పెట్టుకుని
తొమ్మిదోసారి పుడతాను.

ముందు ముఖం అడుగుతుంది ఆట.
ముక్కు పొడవు, దవడ వెడల్పు,
కనుబొమ్మ మీద గాటు ఉండాలా వద్దా.
మొదటి జన్మలో ముఖానికే రెండు గంటలు పట్టింది నాకు.
తీరా ఊళ్ళోకి అడుగుపెట్టగానే
ఇనపటోపీ తొడిగి మూసేశాను.
ఇప్పుడు ఇచ్చిన ముఖమే చాలంటాను.

తర్వాత లెక్క.
చేతిలో నలభై పాయింట్లు,
ఒకటో తారీఖు జీతంలాగే
ఇక్కడ పోస్తే అక్కడ గొయ్యి.
బలానికిస్తే నాలుక మొద్దుబారుతుంది,
మంత్రాలకిస్తే మోకాళ్ళు వణుకుతాయి.
అన్నిటికీ సమానంగా పంచిన ఏడాది
మొదటి తోడేలుకే చచ్చాను.

ప్రతిసారీ ఒట్టు పెట్టుకుంటాను.
ఈసారి మంత్రగత్తెని.
ఈసారి పెద్ద గొడ్డలి, ఎదురెదురు పోట్లాట.
ఈసారి నిజమే మాట్లాడతాను.
మూడో రాత్రికల్లా చూసుకుంటే
పొదలో గొంతుక్కూర్చుని ఉంటాను, చేతిలో విల్లు,
వీపు తిప్పినవాడి మెడ మీద గురి.
పుట్టుకతో వచ్చిన బుద్ధి అంటారే,
ఎనిమిది సార్లు పుడకల్లో కాలినా
నన్ను వదల్లేదు.

"అదే కొండ, అదే డ్రాగన్,
చివర్లో అదే రాజు చస్తాడు.
తెలిసిన కథలో ఏం వెతుకుతున్నావు?"
అంటాడు రెండో క్రేన్ స్కిర్మాంటాస్.
ప్రతి జనవరిలోనూ గడ్డకట్టిన ఆ ఉప్పుటేరు మీద
అదే చోట మంచుకి బెజ్జం పెట్టి
అదే వేలెడు చేప కోసం
సాయంత్రం దాకా కూర్చునే మనిషి.

సరే, తొమ్మిదోది.
బలానికి మూడు.
అంతకన్నా తగ్గించనివ్వదు ఆట.
మిగిలిందంతా మాటకి, మూలికలకి, కొంచెం అదృష్టానికి.
పగలల్లా ముప్పై టన్నుల కంటైనర్లని
గుడ్డులా ఎత్తి గుడ్డులా దించే నాకు
రాత్రి ఒక ఇత్తడి చెంబు బరువైంది.

ఉప్పుగని లోంచి బయటికి వస్తుంటే మూట నిండిపోయింది.
తుప్పు కత్తులు పదకొండు,
ఎవరిదో పెళ్ళి పళ్ళెం,
నాలుగు జున్ను చక్రాలు. అవెందుకో నాకూ తెలీదు.
మోయలేని బరువు, పరుగెత్తలేరు అంది తెర.
పారేస్తే సరిపోయేది.
పారెయ్యబుద్ధి కాలేదు.
నడిచాను.

గుర్రమెక్కి నిమిషంన్నరలో దాటేసే బాట.
నలభై నిమిషాలు పట్టింది.
రాళ్ళకి నాచు ఒక పక్కే పట్టి ఉంది.
వాగులో ఒక చెప్పు.
మైలురాయి మీద లెక్క తప్పు, దాని కింద
ఎవరో గోటితో గీరి సరిదిద్దారు.

వంతెన దగ్గర వల అల్లుకునే ముసలామె.
ఎనిమిది జన్మల్లోనూ ఆమె అన్నది ఇంతే విన్నాను,
"వానొచ్చేలా ఉంది, మా..."
అప్పటికే నా గుర్రం అవతలి గట్టున ఉండేది.
ఒక జన్మలో ఆమె సంచీ కొట్టేశాను కూడా.
మా అంటే మా రాజో, మా కష్టమో
అనుకున్నానని చెప్పను,
అసలేమీ అనుకోలేదు.

"వానొచ్చేలా ఉంది, మా మేక ఇంకా ఇంటికి రాలేదు."

అంతే.
ఏ క్వెస్టూ మొదలవలేదు, మ్యాప్ మీద చుక్కా వెలగలేదు.
ఎక్కడో ఆఫీసులో, అందరూ వెళ్ళాక,
ఆకలిగా ఉన్న ఎవరో రాసి ఉంటారు ఆ మాట,
ఇక్కడెవరూ ఆగరని తెలిసీ.

తెల్లారేదాకా వెతికాను,
జున్ను మోసుకుంటూ, కీచుమని రొప్పుతూ.
పొలాల్లో గొర్రెలున్నాయి, ఒక మూగ కుక్క ఉంది.
ఆ ప్రపంచంలో మేకని ఎవరూ తయారు చెయ్యలేదనుకుంటాను.
అయినా కొండ వెనక భాగం ఇంకా చూడలేదు.

పొద్దున గాలి తగ్గింది.
నిచ్చెన దగ్గర స్కిర్మాంటాస్ అడిగాడు,
"ఏం, చంపేశావా రాజుని?"
లేదు, ఈసారింకా బతికే ఉన్నాడు.
అక్కడిదాకా నేను నడవాలిగా.