టమాటా లేని విందు

రోమ్ శివారు స్టూడియోలో
చక్రవర్తి విందు బల్ల మీంచి
టమాటాలు ఏరేసింది ఎర్సీలియా.
"ఇవి సముద్రం దాటి రావడానికి
ఇంకా పద్నాలుగు వందల ఏళ్ళుంది."
సామాన్ల కుర్రాడు నవ్వి
ఒకటి కొరుక్కుంటూ వెళ్ళిపోయాడు.

గుర్రాలకి రికాబులు విప్పించింది.
స్వారీవాడు రెండుసార్లు జారిపడి
చరిత్రని అమ్మనా బూతులు తిట్టాడు.

విగ్రహాల దగ్గర మాత్రం ఓడిపోయింది.
నీలం జుట్టు, ఎర్ర పెదాలు, పసుపు అంచు అంగీ:
అప్పట్లో రాయికి రంగులుండేవని
పెచ్చులూడిన ముఖాల ఫోటోలు పట్టుకు తిరిగింది.
"ఎవరు నమ్ముతారమ్మా,
రోమ్ అంటే తెలుపు" అన్నాడు దర్శకుడు.
థర్మకోల్ దేవతలు
సున్నం కొట్టిన గోడల్లా నిలబడ్డారు.

ఎండ వాలేవేళ
పళ్ళెం పట్టుకున్న బానిస వేషగాడు, ఓరెస్తే.
పొద్దున్నుంచి అదే చోట.
జబ్బ మీద టీకా మచ్చ.
మట్టిరంగు వేలికి అద్దుకుని దగ్గరికెళ్ళింది.

"ఎప్పుడు వదుల్తారో తెలుసా?"
పెదవి కదపకుండా అడిగాడు.

వేలి మీద రంగు ఆరిపోతోంది.
నోటుపుస్తకంలో ఆ రోజుకి తప్పులు నలభై ఒకటి.
ఈ మాట ఎక్కడ రాసుకోవాలో తెలియక
ఆ పళ్ళాన్ని కాసేపు
తను పట్టుకుంది.